ఉప్పల్ పటాలకు తాళం వీడిన తీరు

సర్వే ఆఫ్ ఇండియా పాత లెక్కలో ఉప్పల్, నాచారం రెండూ 56కె/11 నంబరు టోపోషీటులోకి వస్తాయి. పావు డిగ్రీ పొడవు, పావు డిగ్రీ వెడల్పు నేలను 1:50,000 స్కేలులో చూపే కాగితం అది. నేల మీది కిలోమీటరు అందులో రెండు సెంటీమీటర్లు. ఇలాంటి పటాలు తయారుచేయడం నేర్పే జాతీయ సంస్థ కూడా ఉప్పల్‌లోనే ఉంది. 1967లో ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలైన ఆ సంస్థ పేరు మారుతూ వచ్చింది. పాతతరం సర్వేయర్లకు అది సర్వే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూటే.

హైదరాబాద్‌కు ఈ విద్యతో సంబంధం అంతకన్నా పాతది. 1802లో మద్రాసు దగ్గర సర్వేయర్ లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేలో చేరడానికి జార్జ్ ఎవరెస్ట్ 1818లో వచ్చింది ఇక్కడికే. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో మంచం పట్టాడు. తరవాత 1830లో భూమి ఆకారానికి ఆయన కట్టిన లెక్క మీదనే భారతదేశపు పటాలు శతాబ్దిన్నరకు పైగా నడిచాయి. కొండకు పెట్టిన పేరు అందరికీ తెలుసు. పటాల పనిలో నిజంగా నిలిచింది మాత్రం ఈ లెక్కే.

ఆ పటాలు జనం చేతికి అంత తేలిగ్గా రాలేదు. సరిహద్దు, తీరప్రాంతాల షీట్ల మీద రక్షణశాఖ ఆంక్షలు ఉండేవి. 2005లో జాతీయ పటాల విధానం వచ్చి, సైన్యానికి ఒక వరుస, ప్రజలకు ఓపెన్ సిరీస్ పేరుతో మరో వరుస అని విడదీసింది. ఓపెన్ సిరీస్‌లో ఎవరెస్ట్ లెక్క పోయి, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్క వచ్చింది. సర్వే ఆఫ్ ఇండియాకు 250 ఏళ్లు నిండిన 2017లో ఈ పటాలను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు కల్పించారు. 2021 ఫిబ్రవరి 15 మార్గదర్శకాలతో, పటం తయారీకి ముందస్తు అనుమతి అడిగే పద్ధతి చాలావరకు పోయింది.

ప్రభుత్వం తలుపు తీసేలోగా సాఫ్ట్‌వేర్ గోడకే దారి చేసింది. అమెరికా సైన్యపు ప్రయోగశాలలో 1982లో మొదలైన గ్రాస్, 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన క్యూజీఐఎస్ రెండూ సోర్స్ కోడ్‌తో సహా ఎవరైనా తీసుకోగల పటాల సాఫ్ట్‌వేర్లు. లైసెన్సు కొనలేని కాలేజీ విద్యార్థి కూడా ఇంటి కంప్యూటర్‌లో పటం గీయవచ్చు, లోపల లెక్క ఎలా నడుస్తుందో చూడనూ వచ్చు. చదువుకు ఇలా లోపల చూడగలగడమే ముఖ్యం. పాత టోపోషీటును స్కాన్ చేసి క్యూజీఐఎస్‌లో పెట్టినప్పుడు ఎవరెస్ట్ లెక్కను ఎంచుకోకపోతే, చెరువులూ రోడ్లూ తమ చోటు నుంచి పక్కకు జరిగి కూర్చుంటాయి. ఆ సవరణ చేసే ప్రోజ్ అనే ఓపెన్ సోర్స్ కోడ్ లైబ్రరీలో 1830 నాటి ఎవరెస్ట్ అంకెలు నేటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లో త్రికోణమితి సర్వేలో చేరిన మనిషి లెక్క ఇప్పుడు ఎవరైనా తెరిచి చదవగల కోడ్‌లో ఒక వరుస.

2004లో లండన్‌లో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇంకో అడుగు వేసింది. సాఫ్ట్‌వేరే కాదు, పటంలోని సమాచారం కూడా అందరిదే. 2017 నవంబరులో నాగోల్ నుంచి ఉప్పల్, హబ్సిగూడ మీదుగా మెట్రో నడవడం మొదలైంది. ఇలాంటి మార్పు అచ్చుపటంలోకి ఎక్కాలంటే కొత్త ముద్రణ దాకా ఆగాలి. ఈ పటంలో అయితే స్టేషన్ పక్కన ఉండే మనిషే ఆ పూటే ఎక్కించవచ్చు.

పేర్ల దగ్గరే ఇంకా లోటు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన నాచారం, మల్లాపూర్, రామంతాపూర్‌లలో ఏ అచ్చు దీర్ఘమో, ఏది హ్రస్వమో కొత్తవాడికి తెలియదు. అది స్థానికుల నోటికే తెలుసు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మాత్రం ప్రతి చోటుకూ తెలుగు పేరు రాసుకునే గడి విడిగా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేజీల్లో కనిపించే కదిలే పటాలకు సమాచారం అక్కడి నుంచే వస్తుంది. ఆ గడి ఖాళీగా ఉంటే తెలుగు పేజీలోని పటం మీద కూడా వీధి పేరు ఇంగ్లీషులోనే కనిపిస్తుంది.