చెరువు దగ్గర లోకల్, ఫీజు దగ్గర నాన్‌లోకల్

లోకల్, నాన్‌లోకల్ గొడవ మనం ఎంసెట్ కౌన్సెలింగ్‌లో చూసిందే. అమెరికాలో అది దుప్పుల దాకా పోయింది!

1976లో మోంటానాలో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడాలంటే స్థానికుడికి 9 డాలర్లు చాలు. బయటి రాష్ట్రంవాడు మాత్రం 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్సు కొనాల్సిందే. ఇదేం న్యాయమని కోర్టుకెక్కితే, 1978లో సుప్రీంకోర్టు 6-3తో మోంటానా వైపే నిలబడింది. వేట సరదా కోసమే, పైగా జంతువుల్ని కాపాడే ఖర్చు పన్నుల రూపంలో మోసేది స్థానికులే అంది.

మరి చదువుకోడానికి వచ్చి నాలుగేళ్ళుండే కుర్రాడి సంగతేంటి? మిషిగన్ లాంటి రాష్ట్రాలు అక్కడే ఉండి చదివే ఫుల్‌టైమ్ విద్యార్థికి స్థానికుల ధరకే లైసెన్సిస్తాయి. ఇందులో దానధర్మమేమీ లేదు లెండి. 1937, 1950 చట్టాల ప్రకారం తుపాకులు, గాలాల మీద వసూలయ్యే కేంద్ర పన్నుని రాష్ట్రాలకి పంచేటప్పుడు, డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ళ సంఖ్య కూడా చూస్తారు.

అదే కుర్రాడు అక్కడే అద్దె కడతాడు, అక్కడే సేల్స్ టాక్సూ కడతాడు. అయినా ట్యూషన్ ఫీజు దగ్గరకొచ్చేసరికి పరాయివాడైపోతాడు. కోర్టు చెప్పిన పన్నుల లెక్క అక్కడెందుకు పనికిరాదో?

చేపకి మాత్రం ఈ తేడాలేం తెలీవు :-)