బాలల సంక్షేమ స్మారక నాణేలు (భారతదేశం)

బాలల హక్కులు, సంక్షేమం ఇతివృత్తంగా భారత ప్రభుత్వం విడుదల చేసిన నాణేలు. ఐక్యరాజ్యసమితి 1959లో ఆమోదించిన బాలల హక్కుల ప్రకటనకు ఇరవై ఏళ్లు నిండిన 1979ని అంతర్జాతీయ బాలల సంవత్సరంగా జరిపారు. ఆ సందర్భంగా 5, 10 పైసల అల్యూమినియం నాణేలు, 10 రూపాయల రాగి-నికెల్ నాణెం, 50 రూపాయల వెండి నాణెం వెలువడ్డాయి. 5 పైసల బిళ్ల నలుపలకలుగా, 10 పైసల బిళ్ల అలల అంచుతో ఉంటాయి. వాటిపై నినాదం ‘హ్యాపీ చైల్డ్ నేషన్స్ ప్రైడ్’, అంటే ఆనందంగా ఉన్న బిడ్డే జాతికి గర్వకారణం.

1990లో రెండు రూపాయి నాణేలు వచ్చాయి. ఒకటి సార్క్ బాలికా సంవత్సరానిది. రెండోది 1975లో మొదలై, అంగన్‌వాడీల ద్వారా ఊరూరా తెలిసిన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానికి పదిహేనేళ్లు నిండిన సందర్భానిది. తల్లి ఆరోగ్యమే బిడ్డ ఆరోగ్యమని చెప్పే 5 రూపాయల నాణెం 1996 నాటిది.

హైదరాబాద్ టంకశాల నాణేలకు సాధారణంగా సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటుంది. పైన చెప్పిన 5, 10 పైసల బిళ్లలతో సహా 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేల చెలామణి 2011 జూన్ 30 నుంచి రద్దయింది.