వెతకాలా? ముందే తెలిసుండాలా?

సిరిసిల్ల నేతన్నకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. సాంచా ఎంత వేగంగా ఆడినా అంచు మీద పువ్వు దానంతటది రాదు. అది ముందే జకార్డ్ అట్టల రంధ్రాల్లో ఉండాలి. చదరంగం ఆడే యంత్రాలు చేసినవాళ్లు దశాబ్దాలపాటు తల బద్దలు కొట్టుకున్నదీ దీని మీదే. వేగం పెంచాలా, ఆట తెలివి నింపాలా?

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి ఈ ముడిని మాటల దారిలో విప్పారు. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం హియర్‌సే-1 తయారుచేసింది. నోటితో చెప్పిన చదరంగం ఎత్తును కంప్యూటర్ గుర్తుపట్టాలి. ఉత్త శబ్దాలను పట్టుకుని వెతికితే అంతుండదు. అందుకని ఆ క్షణాన బల్ల మీద వేయదగిన ఎత్తులేవో ఒక చదరంగం ప్రోగ్రాంతో ముందే లెక్క కట్టించారు. గుర్రం దూకలేని గడి పేరు వినిపించిందంటే తప్పు విన్నట్టే! ఆట తెలిసినందువల్ల వెతుకులాట చిక్కిపోయింది. ఇంత అందమైన ఉపాయం అరుదు.

1980లలో అక్కడే రెండు యంత్రాలు పక్కపక్కన పెరిగాయి. ఉత్తరాల చదరంగంలో ప్రపంచ చాంపియన్ అయిన హాన్స్ బెర్లినర్ బృందానిది హైటెక్: గడికో చిప్ చొప్పున 64 చిప్‌లు, సెకనుకు సుమారు 1,75,000 బల్ల స్థితుల పరిశీలన, తోడుగా ఆట సూత్రాలు. ఫెంగ్-సియుంగ్ షూ, తోటి విద్యార్థులు చేసిన డీప్ థాట్ వేగాన్నే నమ్ముకుంది. సెకనుకు సుమారు 7,00,000 స్థితులు చూస్తూ 1988లో గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించింది. తెలియని చోట వెతుకులాట ఆదుకుంటుందని, తెలిసిన చోట దాని అవసరమే తగ్గుతుందని రాజ్ రెడ్డి ఒక ప్రసంగంలో చెప్పిందీ ఆ ఏడాదే.

మరుసటి ఏడాది అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ డీప్ థాట్‌ను 2-0తో చిత్తు చేశాడు. 1997లో దాని వారసుడు డీప్ బ్లూ 3.5-2.5తో బదులు తీర్చుకుంది. సెకనుకు 20 కోట్ల స్థితులన్న అంకె అందరికీ గుర్తుంది. దానికి ఆట తెలివి నేర్పుతూ వెనక కూర్చున్న గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్ ఎందరికి గుర్తు?

2017లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం లెక్కనే తిరగేసింది. సెకనుకు 80,000 స్థితులే చూస్తూ, 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్ అనే మరో ప్రోగ్రాంను గెలిచింది. దాని జ్ఞానం ఎవరో రాసిచ్చింది కాదు, తనతో తాను ఆడి సంపాదించుకున్నది. 2020లో స్టాక్‌ఫిష్ కూడా ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌ను కలుపుకుంది. వేగం తగ్గింది, బలం పెరిగింది.

ఇవాళ జగిత్యాలలోనో కోరుట్లలోనో ఒక పిల్ల ఫోన్‌లో తన ఆటను సరిచూసుకుంటే, ఎక్కడ తప్పటడుగు పడిందో చూపించేది చాలాసార్లు ఆ స్టాక్‌ఫిషే. పైసా ఖర్చు లేదు.