ఇల్లు కట్టి చూడు, మరి ఆ తర్వాత?



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మనం అంటాం. మన ఇరుగుపొరుగు తమిళులు ఇదే మాటను "వీట్టై కట్టిప్పార్, కల్యాణం పణ్ణిప్పార్" అంటారు. బడిలో నేను ఈ సామెతను రెండు భాషల్లోనూ చెప్తుంటాను. ఒకనాడు ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, "టీచర్, కట్టేసిన ఇల్లు పాడైతే ఏం చెయ్యాలో ఇందులో లేదే?" అని అడిగింది. పిల్లలందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ సంవత్సరమే నేనూ మా ఆయనా మా పాత ఇంటిని మా చేతులతో బాగుచేసుకోబోయి, పాడుచేసుకున్నాం. ఆ కథ కూడా చెప్తాను. అంతకు ముందు ఆ ఇంటి వెనకున్న చరిత్ర కొంచెం వినండి.

మాది కే.వి.కుప్పం. కాట్పాడికీ గుడియాత్తానికీ నడుమ ఉంటుంది. ఉత్తరంగా పోతే చిత్తూరు జిల్లా. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. ఆ తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది, 2019లో వేలూరు జిల్లా మూడయ్యింది. పటంలో గీతలు ఎన్నిసార్లు మారినా, గీతకు ఇటూ అటూ ఉన్న పాత ఇళ్ళు మాత్రం అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. వీధివైపు తిన్నె, లోపల నడిమిల్లు, వెనక వంటిల్లు, పెరట్లో బావి. గుడియాత్తం నేతగాళ్ళ ఇళ్ళలో అయితే నడిమింట్లోనే గుంట మగ్గం.

ఆ ఇంటి మాటలు కూడా వినదగ్గవే. మన తిన్నె వాళ్ళకు తిణ్ణై. మన సున్నం వాళ్ళకు సుణ్ణాంబు. ఇక్కడి తెలుగువాళ్ళం కిటికీని జన్నలు అంటాం, అది తమిళం నుంచి వచ్చిందని అనుకుంటాం. నిజానికి అది జనేలా అనే పోర్చుగీసు మాట. మేస్త్రీ అన్నదీ, అలమార అన్నదీ ఆ భాష నుంచి వచ్చినవే. ఓడల మీద వచ్చిన మాటలు మన గోడల్లో స్థిరపడిపోయాయి.

మరి ఆ పిల్ల ప్రశ్నకు జవాబేమిటి? పాత ఇంటి మరమ్మతు ఒక పండగో, పెద్ద ఖర్చో కాదు. పాలు పితకడం, దంపుడు దంచడం లాగా అదీ ఏటేటా జరిగే సంసారం పనే. అందులో మొగుడికి ఒక పాలు, పెళ్ళానికి ఒక పాలు ఉండేవి. వానలకు ముందు మగాయన పైకెక్కి నాటు పెంకులు తిరగవేసేవాడు. ఈ పెంకును కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి, నిలువునా చీల్చి కాలుస్తాడు. పిల్లులు, కోతులు పరుగెత్తితే అవి జరిగిపోతాయి, పగులుతాయి. కింద నుంచి ఆడామె పెంకులు అందించేది. గోడలు మెత్తడం, నేల అలకడం, ఎర్రమన్ను పట్టీలు తీర్చడం ఆమె వంతు. సంక్రాంతి ముందు సున్నం కొట్టడం ఇద్దరిదీ. సున్నంలో కాస్త నీలిమందు కలిపితే ఆ సంవత్సరం ఇల్లు మరింత తెల్లగా కనిపించేది.

అదంతా స్వర్గమని నేను చెప్పను. అలికి అలికి నడుం పట్టేసిన అమ్మమ్మలను మనం చూశాం. పెంకుల సందుల్లో తేళ్ళు చేరేవి, పూరిళ్ళు నిప్పురవ్వ పడితే బూడిదయ్యేవి. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ ఇంట్లో ఎక్కడ కారుతుందో, ఏ గోడ చెమ్మగిల్లుతుందో ఆలుమగలిద్దరికీ తెలిసేది. ఏడాదికోసారి వాళ్ళ చెయ్యి ఇంటినంతా తడిమేది కదా.

కలిగినవాళ్ళ ఇళ్ళలో మట్టికి బదులు గార ఉండేది. సున్నపురాయినో గుల్లనో బట్టీలో కాల్చి, నీళ్ళలో విరిచి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. నున్నటి పూతకు కోడిగుడ్డు తెల్లసొన కూడా వాడేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నిదానంగా, నెలల తరబడి గట్టిపడుతుంది. దానికి సన్నటి రంధ్రాలుంటాయి. గోడలోకి చేరిన చెమ్మ ఆ రంధ్రాల గుండా బయటికి ఆరిపోతుంది.

1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు రైలు నడిచింది. ఆ దారే తర్వాత కాట్పాడి, గుడియాత్తం మీదుగా పడమటికి సాగింది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్‌వారు పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే ఆ పెంకులు ఊళ్ళకు చేరాక, ఏటేటా తిరగవేసే పని తగ్గింది. ఆ తర్వాత సిమెంటు వచ్చింది. 1904లో మద్రాసులో ఒక కంపెనీ సిమెంటు చేయబోయింది గాని అది నిలవలేదు. 1914లో పోర్‌బందర్‌లో మొదలైనదే నిలదొక్కుకుంది. అయినా మన ఊళ్ళకు సిమెంటు చాలాకాలం అపురూపమే. నియంత్రణ ఉన్న రోజుల్లో పర్మిట్టు కోసం కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన మామగార్లు ఇంకా మన మధ్య ఉన్నారు. 1982లో ఆ కట్టు కొంత సడలింది, 1989లో పూర్తిగా పోయింది. ఇందిరా ఆవాస్ వంటి పథకాలతో పేదవాళ్ళకూ పక్కా ఇళ్ళు వచ్చాయి. అది చిన్న మేలేమీ కాదు. అయితే అలకనక్కరలేదు, మెత్తనక్కరలేదు అన్న ధీమాతో పాటు, ఇంటిని తడిమి చూసే అలవాటు కూడా పోయింది.

ఇప్పుడు మా కథ. మా ఆయన తాతగారు కట్టించిన మట్టిగోడల ఇల్లు మాది. 2021 వేసవిలో కూలీ ఖర్చు కలిసొస్తుందని మేమిద్దరమే పనికి దిగాం. ఆయన తాపీ పట్టారు, నేను తట్ట ఎత్తాను. పాత మట్టిపూత గోకేసి, దాని మీద సిమెంటు పూశాం. మా అత్తగారు తిన్నె మీద కూర్చుని చూసి, "ఆ గోడకు ఆ మన్నే పెట్టండమ్మా" అన్నారు. "కాలం మారింది అత్తయ్యా" అన్నాను నేను. పిల్లలకు పాఠం చెప్పే నోరు కదా!

కార్తెలు దాటి అడమళ పట్టుకుంది. వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి, ఒకప్పుడు మూడు మెట్లెక్కే మా తిన్నెకు ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. వీధి నీళ్ళు గోడ మొదట్లో నిలిచాయి. మట్టిగోడ చెమ్మ పీల్చుకుంది. బయటికి ఆరే దారి లేదు, మేమే మూసేశాం. కొన్నాళ్ళకు సిమెంటు పూత పొట్టలాగా ఉబ్బింది, తడితే డొల్లగా మోగింది, ఒక రాత్రి చాపంత పెళ్ళ ఊడి పడింది. లోపలి మట్టి ముద్దలా ఉంది.

నవంబరు 19 తెల్లవారుజామున పేర్ణంబట్టులో వానకు ఇంటిగోడ కూలి, నలుగురు పిల్లలతో సహా 9 మంది చనిపోయారన్న వార్త వచ్చింది. పేర్ణంబట్టు మాకు పరాయి ఊరు కాదు, బస్సు దిగి పలకరించే ఊరు. నేను మా పాప పడుకున్న మంచం వైపు చూశాను. అది ఆ గోడకే ఆనుకుని ఉంది. ఆయనా నేనూ ఒక్క మాట కూడా అనుకోకుండా చెరో పక్క పట్టుకుని మంచం లాగేశాం. ఆ వానలు తగ్గేదాకా పక్కింటివాళ్ళ కాంక్రీటు మిద్దెలో పడుకున్నాం.

తర్వాత ఇంజనీరును పిలిపించాం. ఆయన తూకపు గుండు వేసి చూసి, వెనక గోడ బయటికి వాలిందనీ, దాన్ని విప్పి కట్టాల్సిందేననీ చెప్పారు. ఆ పని మేస్త్రీకే వదిలేశాం. మిగిలిన గోడలు మా వంతు. గోడ మొదట్లో కాలవ తవ్వి నీళ్ళు మళ్ళించాం. సిమెంటు అంతా రాల్చి, గోడలను వేసవిదాకా ఆరనిచ్చాం. ఎర్రమన్నులో నరికిన వరిగడ్డి, పేడ కలిపి, మూడు రోజులు నానబెట్టి, కాళ్ళతో తొక్కి మెత్తాం. పైన సున్నం. సున్నం విరిచేటప్పుడు పొంగి చిమ్ముతుంది, కళ్ళకు ప్రమాదం, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఈసారి పాళ్ళు చెప్పింది మా అత్తగారే. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను.

శ్రోతలారా, సిమెంటు వద్దని నేను చెప్పడం లేదు. మట్టి ఇంటికి మట్టి మందు, సిమెంటు ఇంటికి సిమెంటు మందు అంటున్నాను. పూత, సున్నం, కాలవ ఇవి ఆలుమగలు చేసుకోదగ్గ పనులు. వాలిన గోడ, కుంగిన దూలం, చీలిన మూల తెలిసినవాళ్ళు చూడవలసినవి. ఈ రెంటికీ తేడా తెలియాలన్నా, ముందు మన ఇంటి గోడను మనం చేత్తో తడిమి చూసి ఉండాలి. వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఇంటి చుట్టూ తిరగండి. గోడ మొదలు చూడండి. పెద్దవాళ్ళుంటే వాళ్ళనూ వెంట తీసుకువెళ్ళండి.

బడి తెరిచాక ఆ పిల్లకు జవాబు చెప్పాను. "ఏటేటా చేసే పని గనుక దానికి సామెత అవసరం రాలేదమ్మా" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు కదా టీచర్, అయితే ఇప్పుడొక సామెత కావాలి" అంది.

అది మీరే కట్టండి.