డోలుమ్రోతతో తెల్లవారిన రాత్రులు

హనుమకొండ చౌరస్తానుండి కాజీపేట దిక్కుగా పోవు రాజమార్గమున నడుమ నున్న పేట సుబేదారి. నిజాము ప్రభువుల యేలుబడిలో హైదరాబాదు రాజ్యము సుబాలుగా విభజింపబడి, అందొక సుబాకు వరంగల్లు ముఖ్యస్థానము కాగా, ఆ సుబా నేలు అధికారికి సుబేదారను పేరు గలిగి, ఆతడు నివసించిన తావునకు ఆ పదవి పేరే పేటపేరై నిలిచిపోయినది. 1886లో శంకుస్థాపన జరిగిన సుబేదారు బంగళా పిమ్మట కలెక్టరు నివాసమైనది. సుబేదారులు పోయిరి, సుబా పోయినది, ఆ పదవిని కల్పించిన ప్రభుత్వము సయితము 1948లో పోయినది. అధికారము నశించి పేరు మాత్రము మిగులుట లోకసహజము. కాని యే అధికారమును లేకయే, ఏ దస్త్రమునకును ఎక్కకయే, తరతరములుగా ఈ సీమలోని గొల్లకురుమల హృదయములను, వారి ద్వారమున సకల జనుల హృదయములను ఏలిన ఒగ్గు కథకుల చరిత్ర సుబేదారికి చేరువ పల్లెలలో ప్రతి పొలిమేరయందును కలదు. కథకులను గూర్చి పండితులు వ్రాసిరి. ఆ కథకులను ప్రేమించి, జీవితాంతము విడువక వెంబడించిన శ్రోతలను గూర్చి వ్రాసినవారు అరుదు. వారిని గూర్చియే నేనిచట వ్రాయదలచితిని.

దీనికి నన్ను పురికొల్పినవాడు మా వీధిలో అద్దెగదియందుండి చదువుకొనుచున్న యొక విద్యార్థి. వేసవియందును నల్లని దుస్తులే ధరించి, రాత్రులు దీపమార్పి, ఆంగ్లదేశపు 'ది క్యూర్' అను బృందము పాటలను వినుచుండును. అది యేదో మనోవ్యాధి యని వీధివారు గుసగుసలాడగా, ఒకనాడు నేనే యాతని నడిగితిని. తక్కిన పాటలన్నియు దుఃఖమును మరువుమని బోధించుచుండగా, ఆ పాటలు మాత్రము దుఃఖము ప్రక్కన కూర్చుండి తనతో తెల్లవారువరకు మేలుకొనునని, అందుచేతనే పదేండ్లుగా వానిని విడువలేదని యాతడు నిదానముగా చెప్పెను. ఆ మాట విన్నంతనే నాకు మా తండ్రి స్మరణకు వచ్చెను. గొంగడి భుజమున వేసికొని, ఒకే యొక ఒగ్గుబృందము కథ వినుటకై ఊరూరు నడచిన మనుష్యుడాయన.

విద్యార్థి ప్రేమించిన సంగీతమునకును ఒక చరిత్ర కలదు. 1970వ దశకము తుదిలో ఇంగ్లండునందలి చిన్న పట్టణముల యువకులు కొందరు ఉల్లాసగీతములకు విముఖులై, మంద్రమైన తంత్రీనాదమును, శ్మశానమును తలపించు గంభీరస్వరమును జోడించి యొక నూతన మార్గమును త్రొక్కిరి. నార్తాంప్టన్ పట్టణమునకు చెందిన బౌహాస్ అను బృందము 1979లో వెలువరించిన తొలి పాట తొమ్మిది నిమిషములకు మించినది. డ్రాకులా పాత్రధారిగా ప్రసిద్ధుడై 1956లో కన్నుమూసిన బేలా లుగోసీ యను నటుని పేరిట వెలసినది. సూక్సీ అండ్ ది బాన్షీస్, లీడ్సు నగరమునందలి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, క్రాలీ పట్టణమున పుట్టిన ది క్యూర్ మొదలగు బృందముల మార్గమునకు గాత్ రాక్ అను పేరు స్థిరపడెను. వీరి శ్రోతలు ఋతువుతో మారువారు కారు. ది క్యూర్ బృందము 2008 తరువాత నూతన గీతసంపుటము నొకదానిని వెలువరించుటకు 2024 నవంబరు వరకు పదునారు సంవత్సరములు పట్టినను, ఆ శ్రోతలు వేచియుండి, అది వెలువడిన వారముననే దానిని బ్రిటనులో ప్రథమస్థానమున నిలిపిరి. యౌవనమున విన్నవారు జుట్టు నెరసిన పిదపను వినవచ్చిరి. ఈ నిష్ఠ ఎచ్చటినుండి వచ్చును? ఓరుగల్లు చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానము వెదకదగిన తావులు పెక్కులు కలవు.

పాలకుర్తి సీమవాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తన కాలపు ప్రజలు పాడుకొనిన తుమ్మెద పదములను, ప్రభాత పదములను, వెన్నెల పదములను, గొబ్బి పదములను పేరుపేరున లెక్కించి చెప్పెను. మహాకవి తన కావ్యమునందు పామరుల పాటలకు పట్టిక కూర్చుట సామాన్యమైన సంగతి కాదు; వినిన చెవి, ప్రేమించిన మనసు లేనివాడు అట్టి పట్టికను కూర్పజాలడు. తరువాత వచ్చిన వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామము ఓరుగంటి వీధులనే రంగముగా చేసికొనిన వీథీనాటకము. అందు మంచనశర్మయు టిట్టిభసెట్టియు నగరమున తిరుగుచు, ఏకవీర గుడిని, మైలారదేవుని గుడిని దర్శింతురు. పలనాటి వీరుల కథను వాద్యములతో పాడువారిని విందురు. మైలారదేవుని భక్తులు నిప్పులపై నడచుట మొదలగు ఘోరసాహసములు చేయుట చూతురు. ఆ యిరువురు బాటసారులును కొనుగోలునకు వచ్చినవారు కారు, పూజకు వచ్చినవారును కారు. కేవలము చూచుటకును, వినుటకును, చూచినదానిని పరస్పరము చెప్పుకొని మురియుటకును తిరిగినవారు. ఓరుగంటి చరిత్రలో కావ్యమున కెక్కిన తొలి అభిమానులు వీరేయని నేను భావింతును.

ఆనాటి మైలారదేవుడే నేటి మల్లన్న యని పండితులు గుర్తించిరి. కాకతీయుల కాలమునాటి అయ్యనవోలు, జనుల నోట ఐలోనియు ఐనవోలును అయినది. అచ్చటి మల్లన్న సంక్రాంతికి జాతర జరిపించుకొనుచున్నాడు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతినుండి ఉగాదివరకు ఆదివారము వెంబడి ఆదివారముగా సాగి, అగ్నిగుండములతో ముగియును. క్రీడాభిరామమున మనము చదివిన నిప్పులే నేటికిని చల్లారక యున్నవన్నమాట. ఈ మల్లన్నకును, కురుమల కులదైవమైన బీరప్పకును పూజారులై, కళ్యాణము జరిపించి, కథ చెప్పువారు ఒగ్గువారు. ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము. ఆ వాద్యమే వారికిని, వారి కళకును పేరైనది. పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఆకుపొడులతో నేలమీద దేవుని పట్నము వేసి, నొసట బండారి యను పసుపు పూసికొని, కాళ్ళ గజ్జెలు కట్టి ప్రధాన కథకుడు నిలువగా, ప్రక్కన డోలు, తాళములు, కంజరి, నపీరా మ్రోగును.

కథ ఒక్క రాత్రిలో ముగియునది కాదు. మల్లన్న మేడలమ్మను, గొల్లకేతమ్మను పెండ్లాడిన వృత్తాంతమైనను, బీరప్ప కామరాతిని చేపట్టిన కథయైనను, ఎల్లమ్మ కథయైనను, వినువాని శక్తిననుసరించి సాగును. కథకుడు ఒక పాదము చెప్పి ఆగును. ప్రక్కవాడు 'ఊ' యనును. వినుచున్నవారును 'ఊ' యందురు. ఈ ఊకొట్టుట యను చిన్న ధ్వనిలోనే శ్రోతృధర్మమంతయు నిమిడియున్నది. ఊకొట్టువాడు నిద్రించిన కథ నడువదు; కథకుని ఊపిరి శ్రోత నోటనుండియే వచ్చునని మా తండ్రి నమ్మకము. చలికాలపు నడిరేయి, మంట చల్లారుచుండగా, పిల్లలు గొంగళ్ళక్రింద నిదురపోవగా, డోలు దెబ్బ గుండెమీద పడినట్లగుచుండ, ఆయన ఒక్కడే మెలకువతో ఊకొట్టుచు కూర్చుండిన దృశ్యము నేను బాల్యమున పలుమారు చూచితిని.

ఈ ప్రేమకు వెనుక ఒక కట్టడి కలదు. తెలంగాణమున పెక్కు కులములకు తమతమ ఆశ్రిత కథకులు కలరు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు చిందువారు, గొల్లకురుమలకు ఒగ్గువారు వంశపారంపర్యముగా కథ చెప్పుచుండిరి. ఏ యే ఊళ్ళు ఏ యే కుటుంబమునకు హక్కుగా చెందునో వారిలో వారికి నిర్ణయముండెడిది. ఆ ఊరివారు వారికి ఇచ్చునది త్యాగమను పేర పిలువబడెడిది. కూలి యనక, బిచ్చమనక, త్యాగమనుటలోనే ఆ సంబంధముయొక్క గౌరవము తెలియుచున్నది. సుబేదారు కచేరీ దస్త్రములు ఏ ఊరు ఎంత శిస్తు చెల్లించునో వ్రాసికొనుచుండగా, ఏ ఊరు ఏ కథకునికి త్యాగము చెల్లించునో ఒగ్గువారి జ్ఞాపకము వ్రాసికొనెను. పంట పోయిన యేట శిస్తు మాఫీ కోరినవాడును కథకుని త్యాగమును మాత్రము తప్పింపలేదని మా పెద్దలు చెప్పెడివారు. శ్రోతయు కథకుడును ఒండొరులకు ఋణపడియుండిన ఆ వ్యవస్థయందు అభిమానమనునది క్షణికమైన మోజు గాక, పాటింపవలసిన వ్రతమైనది. ఇందొక లోపమును లేకపోలేదు: కులపు గీత దాటి కథ నడువని చోట కళాకారుడు బద్ధుడై, అన్యులకు అతని విద్య అందరానిదై యుండెడిది. ఈ లోపమును మరుగుపరచి పూర్వకాలమును పొగడుట న్యాయము కాదు.

దుఃఖముతో ఈ కళకు గల బంధమును ప్రత్యేకముగా చెప్పవలెను. ఎల్లమ్మ కథను ఒగ్గువారే గాక, బైండ్లవారను కథకులు జమిడికపై చెప్పుదురు. ఆ వాద్యపు తీగె మూలిగినట్లు, ఏడ్చినట్లు పలుకును. తండ్రి యానతిచే కొడుకు తల్లి తల నరికిన ఘట్టమున ఆ నాదమును వినినవారు దానిని జీవితమున మరువరు. ఇట్టి కథలను మనవారు పెండ్లికిని జాతరకును మాత్రమే పరిమితము చేయలేదు. ఇంట నొకరు గతించినపుడు పెద్దదినమునాటి రాత్రి కథ చెప్పించుట తెలంగాణ పల్లెలలో నేటికిని కలదు. మృతుని బంధువులు, ఊరివారు వాకిట కూర్చుండగా, దేవతలకును మరణమును వియోగమును తప్పలేదని కథకుడు రాత్రి పొడుగునను పాడుచుండ, ఇంటివారు దాచుకొనిన కన్నీరు అందరి యెదుట సిగ్గులేక ప్రవహించును. మా తండ్రి పెద్దదినమునకును ఆయన జీవితాంతము వెంబడించిన బృందమే వచ్చినది. ప్రధాన కథకునికి అప్పటికి వార్ధక్యము వచ్చి, గొంతు సన్నగిల్లియుండెను. ఆతడు కథ నడుమ ఒకచోట అలవాటు చొప్పున ఆగి, మా తండ్రి యెప్పుడును కూర్చుండు వైపు చూచెను. ఆ నిశ్శబ్దమున ఊకొట్టినది నేను. నాటినుండి ఆ కథ నాది కూడ నైనది.

కులపు గీతను దాటించి ఒగ్గుకథను లోకమునకు పంచినవారిలో చుక్క సత్తయ్య అగ్రగణ్యుడు. 1935లో నేటి జనగామ జిల్లా మాణిక్యపురమున జన్మించిన ఆయన, బాల్యముననే డోలు పట్టి, కథయందు అభినయమును, హాస్యమును, స్త్రీపాత్రల వేషమును మేళవించి, పన్నెండు వేలకు పైగా ప్రదర్శనములిచ్చెనని ప్రసిద్ధి. ఆకాశవాణి, దూరదర్శన్ ఆయన గళమును గొల్లకురుమలు లేని ఇండ్లకును చేర్చినవి. క్యాసెట్లు టీకొట్లలోను, లారీలలోను మ్రోగినవి. సంగీత నాటక అకాడమి పురస్కారము వచ్చినపుడు ఓరుగంటి పల్లెలు తమకే వచ్చినట్లు సంతోషించినవి. 2017 నవంబరు 9న ఆయన అస్తమించెను. ఆ గళము నాటి క్యాసెట్లను ఇండ్లలో దాచుకొని, నేటికిని తీసి వినువారు నాకు తెలిసియే కలరు. మరియొకవంక ఓరుగల్లు సీమలోని దేవనూరున 1925లో జన్మించిన బిరుదురాజు రామరాజు, పామరుల పాటలు పరిశోధనకు తగవను వారి తలంపును త్రోసిపుచ్చి, ఊరూరు తిరిగి గేయములు సేకరించి, తెలుగు జానపద గేయసాహిత్యముపై 1956లో డాక్టరేటు పొందెను. ఆయన విద్వాంసుడగుటకు ముందు శ్రోత, ప్రేమించినందుననే పరిశోధించెను. 1976లో నెలకొన్న కాకతీయ విశ్వవిద్యాలయమును, తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠమును ఆ మార్గమున విద్యార్థులను నడిపించినవి.

ఇంగ్లండు యువకుని నల్లదుస్తులకును, ఒగ్గు కథకుని నొసటి బండారికిని, వారి వాయిద్యములకును, భాషలకును నడుమ ఏ చుట్టరికమును లేదు. అట్టిదానిని కల్పించుట అసత్యమగును. కాని వినువాని పక్షమున చూచినచో రెండింటిని కలుపు సత్యమొకటి కలదు. సంతోషపెట్టిన పాటను మనుష్యుడు కొంతకాలమునకు మరచును. దుఃఖమున తోడు కూర్చుండిన పాటకు ఋణపడియుండును. సుబేదారి గదిలోని విద్యార్థి పదేండ్ల నిష్ఠయును, మా తండ్రి నలువదేండ్ల నిష్ఠయును ఈ ఋణమునుండియే పుట్టినవి. అందుచేత ఆ విద్యార్థిని వెక్కిరింపవలదని మా వీధివారికి చెప్పితిని. ఐనవోలు జాతరకు నాతో రమ్మని ఆతనిని పిలిచితిని.

పాఠకులకును నా విన్నప మిదియే. ఒగ్గువారికి నేడు సన్మానములు, శాలువలు, పది నిమిషముల సభారంగము దొరకుచున్నవి. రాత్రియంతయు మేలుకొను శ్రోతలు మాత్రము తగ్గిపోవుచున్నారు. పది నిమిషములలో బీరప్ప పుట్టడు, ఎల్లమ్మ మరణింపదు. సంక్రాంతికి సుబేదారినుండి ఐనవోలునకు ప్రయాణము గంటకు మించదు. పోయి, గొంగడి పరచుకొని, చేతిలోని ఫోనును ప్రక్కనుంచి, తెల్లవారువరకు కూర్చుండుడు. కథకుడు ఆగినచోట ఊకొట్టుడు.