పడవలు చాలవని రాసినవాడు

విలియం థామస్ స్టెడ్ ఎలా పోయాడో ముందే చెప్పేస్తాను. 1912 ఏప్రిల్ 15 వేకువన టైటానిక్‌తో పాటు అట్లాంటిక్‌లో మునిగిపోయాడు. అప్పటికి అరవై రెండేళ్లు. ఆ బతుకు ఇంకో దారి పట్టి ఉండదగిన మలుపులు తలచుకుంటేనే మనసు ఆగదు.

ఉత్తర ఇంగ్లండ్‌లో ఎంబుల్టన్ అనే పల్లె. మతబోధకుడి ఇంట 1849లో పుట్టిన పిల్లవాడు, ఇరవై రెండు నిండకుండానే డార్లింగ్టన్‌లో ‘నార్తర్న్ ఎకో’ పత్రిక సంపాదకుడయ్యాడు. ఆ తర్వాత లండన్, ‘పాల్ మాల్ గెజిట్’. ఆయన రాస్తే మంత్రులు ఉలిక్కిపడేవారు. నౌకాదళం బలహీనపడిందని రాస్తే ప్రభుత్వం ఖజానా తెరిచింది. ఎంత కలం అది!

1885. లండన్ నగరంలో పేదల ఆడపిల్లలు ఎలా అమ్ముడుపోతున్నారో లోకానికి చూపాలనుకున్నాడు. చూపడానికి తానే ఒక బేరం నడిపించాడు. ఎలైజా అనే పదమూడేళ్ల పిల్లను ఐదు పౌన్లకు కొనిపించాడు. ఆ పసిదానికి ఏమీ తెలియనివ్వకుండా మంత్రసానితో పరీక్ష చేయించి, మత్తుమందు పెట్టించి, చివరికి ఫ్రాన్సుకు పంపించాడు. ఉద్దేశం ఎంత మంచిదైనా ఈ పనిని నేను మెచ్చలేను. జూలైలో ఇదంతా ‘పాల్ మాల్ గెజిట్’లో రాశాడు. ఆ కథనాలకు దేశం అట్టుడికింది. ఆగస్టులోనే పార్లమెంటు చట్టం తెచ్చి, ఆడపిల్లల సమ్మతి వయసును 13 నుంచి 16కు పెంచింది.

గెలిచాడు. ఆ గెలుపులోనే ఓటమి పొంచి ఉంది. తల్లి ఒప్పుకుందని మధ్యవర్తి చెబితే నమ్మాడు. తండ్రిని ఎవరూ అడగలేదు. ఒక్క మనిషిని పంపి, ఒక్క మాట అడిగించి ఉంటే! తండ్రి అనుమతి లేకుండా పిల్లను తీసుకెళ్లినందుకు నవంబరు 10న కోర్టు మూడు నెలల జైలు వేసింది. తర్వాత ఏటా ఆ తేదీన ఖైదీ దుస్తులు వేసుకుని గర్వంగా తిరిగేవాడు. ఆ గర్వం చూస్తే నాకు జాలే కలుగుతుంది. పోయిన పలుకుబడి ఆ దుస్తులతో తిరిగి రాలేదు.

మిగిలినదంతా జారుడే. బోయర్ యుద్ధాన్ని ఎదిరించి సెసిల్ రోడ్స్ వంటి స్నేహితులకు దూరమయ్యాడు. 1904లో సొంత డబ్బు పోసి పెట్టిన దినపత్రిక కొన్ని వారాలకే మూతపడింది, ఆయన ఆరోగ్యమూ కుప్పకూలింది. కొడుకు పోయాక చనిపోయినవారితో మాట్లాడే ప్రయత్నాల్లో మరింత మునిగాడు. ఒకప్పుడు భయపడినవాళ్లే నవ్వారు.

అన్నిటికన్నా తొలిచే సంగతి ఒకటుంది. 1886 మార్చిలో, అదే ‘పాల్ మాల్ గెజిట్’లో ఆయన ఒక కథ రాశాడు. నడిసముద్రంలో ఓడ ప్రమాదం, జనానికి సరిపడా లేని పడవలు, పెనుగులాట. చాలినన్ని పడవలు లేకుండా ఓడలను పంపితే జరగబోయేది ఇదేనని చివర హెచ్చరించాడు కూడా. ఎవరూ వినలేదు. ఇరవై ఆరేళ్ల తర్వాత, న్యూయార్క్‌లో శాంతి సభలో మాట్లాడడానికి సౌతాంప్టన్‌లో ఎక్కిన ఓడలో రెండు వేల రెండు వందల మందికి పైగా ఉన్నారు. ఉన్న లైఫ్‌బోట్లు 20, వాటిలో చోటు 1,178 మందికి. డెక్కు మీద నడుస్తూ ఆయన ఆ పడవలు లెక్కపెట్టుకున్నాడా? పాత కథ గుర్తొచ్చిందా?

శవం కూడా దొరకలేదు. ఓడలో ఉన్న ప్రతి మనిషికీ లైఫ్‌బోటులో చోటుండాలన్న అంతర్జాతీయ ఒప్పందం లండన్‌లోనే 1914 జనవరిలో కుదిరింది. స్టెడ్ ఆ మాట రాసి అప్పటికి దాదాపు 28 ఏళ్లు.