తలుపు ఇనుము - తైలము, రంగు

మన ప్రాచీన గృహముల తలుపులు మడతబందులపై తిరుగునవి కావు. తలుపు రెక్కకే క్రిందను మీదను కుసులు విడిచి, క్రింది కుసిని గడపయందలి గుంటలో నిలిపి, మీది కుసిని ద్వారబంధములోనికి జొనిపెడివారు. ఇనుమునకు అచ్చట దక్కిన పని గొళ్లెము, గడియ, గుబ్బమేకులు, పలకలను కలిపి పట్టు పట్టీలు, అంతియే. కోటలలో మాత్రము దాని అధికారము పెద్దది. 1732లో పూర్తియైన పూనా శనివారవాడ ప్రధానద్వారమునకు ఏనుగులు తలతో ఢీకొనకుండ బిగించిన ములుకులు నేటికిని చూపరులను వెరపించుచున్నవి. మరమేకులతో బిగించు మడతబందు ఐరోపావారి కట్టడముల వెంట దేశమున వ్యాపించినది.

ఏ రూపమున నున్నను ఇనుమునకు శత్రువు త్రుప్పే. ఈ ప్రసంగమున ఢిల్లీ స్తంభమును తలపక తీరదు. గుప్తుల కాలమునాటి యా స్తంభము 7 మీటరులకు పైగా ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు కలిగి, పదునారు శతాబ్దుల వానలకు ఓర్చి నిలిచినది. ఇది మంత్రమహిమ యనువారికి కొదువ లేదు. కాన్పూరు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఆర్. బాలసుబ్రహ్మణ్యము 2000లో దీనికి తృప్తికరమైన కారణము చూపెను. బొగ్గుతో కరగించిన ఆ ఇనుమున భాస్వరము అధికము. అందుచేత లోహముపై ఒక పలుచని గట్టిపొర యేర్పడి, తేమను లోనికి పోనీయదు. స్తంభమునకు వీపు ఆనించి చేతులు వెనుకకు కలుపు వేడుక జనులకు అలవాటై, వారి ఒరపిడికి ఆ పొర అరిగి లోహము మెరయసాగెను. అందుచే 1997లో చుట్టును కంచె వేసిరి. మెరుపును ఆరోగ్యమనుకొను భ్రమ ఇండ్లలోను కలదు. పాత గడియపై నంటుకొనిన నల్లని గట్టిపొరను పట్టుదలతో గీకి తెల్లగా చేసినవాడు, వర్షకాలము గడచునప్పటికి దానిని ఎఱ్ఱగా చూచును. చేతికి పొడియై రాలు త్రుప్పునే తీయవలెను.

నేటి ఉక్కులో ఆ భాస్వరము లేదు. పెళుసుతనము కలుగకుండుటకై దానిని తయారీలోనే తొలగింతురు. కావున రక్షణ పైనుండియే రావలెను. అవిసెనూనెలో సిందూరము కలిపి పూయుట చిరకాలము దీనికి ఉత్తమోపాయమైయుండెను. నూనెలోని ఆమ్లములతో సీసము కూడి సబ్బువంటి పదార్థమై త్రుప్పును అడ్డగించును. 1902లో కలకత్తా సమీపమున హౌరాలో షాలిమార్ రంగుల కర్మాగారము వెలసినది మొదలు డబ్బాలలోని రంగు దేశమున సులభమైనది. దానితో ఒక దురభ్యాసమును పెరిగినది: పాతపూత తీయకయే దానిమీద కొత్తపూత. బందును విప్ప బద్ధకించిన పనివాడు మరమేకుల గాడులను సైతము రంగుతో పూడ్చివేయును. పదియేండ్లకు ఆ మేకు కదలదు, బందు తిరుగదు. చక్కని సామాను పాతయినుముల అంగడికి పోవును.

ఆ పొరలలో విషమును కలదు. గృహముల రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములను మించరాదను నిబంధన 2017 నవంబరు 1 నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి పూతను పొడిగా గీకినచో ఆ ధూళి పసిపిల్లల మేధకు ముప్పు. ఎరిగినవారు బందులను విప్పి, వంటకు మఱి వాడని పాతగిన్నెలో నీటియందు వేసి సన్నని సెగపై ఉంచుదురు. రంగు మెత్తబడి తడిగానే ఊడివచ్చును. ఊడినదానిని కాగితమున చుట్టి పారవేసి, చేతులు కడుగుకొందురు. ఇత్తడి యనుకొన్నది ఇనుముపై పూతయేనేమో ముందుగా అయస్కాంతముతో చూచుట మంచిది. లేనిచో తోమిన కొలదియు ఇత్తడి మాయమగును.

అటుపై లోహమును పూర్తిగా ఆరనిచ్చి, త్రుప్పునాపు మొదటి పూతయు, దానిపై పలుచని రెండు పూతలును వేయుదురు. కీలులోని సీలకు మాత్రము రంగు తగులనీయరు. అచ్చట వేయునది, పూర్వము కుసికి వేసినట్లే, ఒక నూనెచుక్క.